శ్రీమతి మేరీ క్యూరీ : ఆమె నడపిన ఎక్సురే పాఠశాల

విద్యార్థులారా! మేడమ్ క్యూరీ పేరు మీరెల్లరు వినియేయుందురు. రేడియమును కనుగొనిన విదుషీమణియనియు, నోబెల్ బహుమానమును రెండుమాఱులు పడసిన మహనీయురాలనియు మన పాఠ్యపుస్తకములు ఆమెను గూర్చి నాలుగైదు పంక్తులలో చెప్పి విడుచును. కాని యా బహుమానములు రెండును చేతికి వచ్చిన పిమ్మట, తన 47 వ యేట, ఆమె మరల శిష్యురాలై యొక క్రొత్తపనిని మొదటినుండి నేర్చుకొనెననియు, అటుపిమ్మట ఆ పనిని సుమారు 150 మంది స్త్రీలకు నేర్పి రణరంగమునకు సమీపమున నున్న ఆసుపత్రులకు పంపెననియు నెఱిగినవారు తక్కువ. ఆ పని యేదన, రోగి శరీరమును ఎక్సుకిరణములతో పరీక్షించి లోపలి యెముకలను, లోపల చిక్కుకొనిన గుండ్లను వైద్యునకు చూపుట. నేడు ఈ పని చేయువారిని రేడియోగ్రాఫరు లనుచున్నాము. మన పాఠశాలలు విడిచిన పిమ్మట ఈ విద్యను అభ్యసింప కళాశాలల కేగువారును కలరు. కావున ఆ మహాతల్లి చరిత్రములో తక్కువగా చెప్పబడిన యీ భాగమునే యిచట విరివిగా చెప్పదలచితిమి.

పోలెండు దేశమునందలి వార్సా నగరమున 1867 వ సంవత్సరము నవంబరు 7 వ తేదిని ఆమె జన్మించెను. తలిదండ్రు లిడిన పేరు మార్యా స్క్లొడోవ్‌స్కా. అయిదుగురు బిడ్డలలో ఆమె కడగొట్టుది. తండ్రి గణితమును, భౌతికశాస్త్రమును బోధించు ఉపాధ్యాయుడు. తల్లి బాలికల పాఠశాల నొకదానిని నడపినది. అప్పుడు పోలెండులోని యా భాగము రష్యాచక్రవర్తి యేలుబడియం దుండెను. పాఠశాలలలో పోలిషుభాష నడగద్రొక్కి రష్యనుభాషను నెలకొల్పిరి. శాస్త్రపాఠములకు వలసిన ప్రయోగసామగ్రినిగూడ తొలగింపజేసిరి. తండ్రి యా పరికరములను కొన్నింటిని ఇంటికి దెచ్చి గాజుబీరువాలో దాచియుంచెను. పాఠశాలలో చేతితో ముట్టరాని వస్తువులను ఇంటిలో గాజుతలుపు వెనుక చూచుచు ఆ బాలిక పెరిగెను. ప్రయోగము లేని శాస్త్రవిద్య యెంత కొఱతయో ఆమెకు బాల్యముననే తెలిసెను.

ఆ యింట దుఃఖములకు కొదువలేదు. పెద్దక్క టైఫసు జ్వరమున మరణించెను. 1878 లో తల్లి క్షయవ్యాధికి బలియయ్యెను. అప్పటికి మార్యా పదియేండ్ల బాలిక. అయినను చదువును విడువక, 1883 లో ఉన్నతపాఠశాల పరీక్షయందు బంగారుపతకమును గడించెను. అంతటితో దారి మూసికొనిపోయెను; ఏలయన వార్సా విశ్వవిద్యాలయమున స్త్రీలకు ప్రవేశము లేదు. దేశాభిమానులు కొందఱు ప్రభుత్వమునకు తెలియకుండ ఇంటింట మాఱుచు జరుపుకొను రహస్యవిద్యాలయమున ఆమె కొంతకాలము చదివెను. పిమ్మట అక్కయగు బ్రోన్యాతో ఒక యొడంబడిక చేసికొనెను. మొదట అక్క పారిసు నగరమునకేగి వైద్యము చదువవలెను. చెల్లెలు ఉద్యోగము చేసి సొమ్ము పంపవలెను. అక్క స్థిరపడిన పిమ్మట చెల్లెలిని పిలిపించుకొనవలెను. ఈ మాట నిలుపుకొనుటకై మార్యా దూరమున నున్న పల్లెసీమలో నొక ధనికుల యింట పిల్లలకు పాఠములు చెప్పుచు కొన్నియేండ్లు గడపెను. తీరిక దొరకినప్పుడెల్ల ఆ యూరి రైతుల పిల్లలను చేరదీసి వారి మాతృభాషలో చదువను వ్రాయను నేర్పెను. అది నాడు శిక్షార్హమైన నేరము. చదువు దొరకనివారికి చదువు చెప్పుట ఆమెకు అచటనే యలవాటయ్యెను.

1891 లో ఆమె పారిసు చేరి సార్బోను విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. మేడమీది చిన్నగదిలో కాపురముండి, చలికి నోర్చి, ఒక్కొకప్పుడు రొట్టెతోను తేనీటితోను దినము గడపి చదివెను. 1893 లో భౌతికశాస్త్ర పట్టపరీక్షయందు ప్రథమస్థానమును, 1894 లో గణితశాస్త్ర పరీక్షయందు ద్వితీయస్థానమును పొందెను. 1895 జూలై 26 వ తేదిని పియెర్ క్యూరీ అను శాస్త్రజ్ఞుని వివాహమాడెను. ఆ సంవత్సరముననే నవంబరు 8 వ తేదిని జర్మనీదేశమున వుర్జ్‌బర్గు నగరమునందు రాంట్జెన్ పండితుడు ఎక్సుకిరణములను కనుగొనెను. మాంసమును దాటిపోవుచు ఎముకయొద్ద చాలవఱకు ఆగిపోవు నీ కిరణములను చూచి లోకమెల్ల విస్మయమందెను. మరుసటి సంవత్సరమున బెకెరెల్ పండితుడు యురేనియము తనంత తానే కిరణములను వెడలజిమ్ముచున్నదని కనిపెట్టెను. క్యూరీ దంపతులు ఈ రెండవ దారిని చేపట్టిరి. 1898 లో పొలోనియమును, రేడియమును అను రెండు మూలపదార్థములను లోకమునకు తెలియజేసి, పిమ్మట వాన కురిసిన లోనికి కారు పాతపాకలో బండ్లకొలది ఖనిజమును ఉడికించి వడగట్టిరి. రేడియమును తీయు విధానమునకు పేటెంటు పుచ్చుకొనిన అపారధనము చేకూరియుండును; కాని శాస్త్రము అందఱి సొత్తని యెంచి దంపతులిరువురు దాని నుజ్జగించిరి. 1903 లో బెకెరెల్‌తో కలిసి నోబెల్ బహుమానము నందుకొనిరి.

1906 ఏప్రిలు 19 వ తేదిని పియెర్ క్యూరీ పారిసు వీథిలో గుఱ్ఱపుబండి క్రిందబడి మృతినొందెను. ఇద్దఱాడుబిడ్డలతో నామె విధవయయ్యెను. భర్త బోధించుచుండిన పాఠమును సార్బోనులో ఆమెయే కొనసాగించెను. ఆ విశ్వవిద్యాలయమున బోధించిన మొదటి స్త్రీ ఆమెయే. అంతకుముందే, 1900 మొదలుకొని, సెవ్రు గ్రామమునందలి స్త్రీల ఉపాధ్యాయ కళాశాలలో ఆమె భౌతికశాస్త్రమును బోధించుచుండెను. నల్లబల్లపై వ్రాసి చెప్పుటతో తృప్తినొందక విద్యార్థినుల చేత స్వయముగా ప్రయోగములు చేయించుట ఆమె పద్ధతి. గాజుబీరువా యెదుట నిలిచిన బాలిక తాను ఉపాధ్యాయురాలైనంతనే ఆ బీరువా తలుపులను తెఱచెనని చెప్పవచ్చును. 1911 లో రసాయనశాస్త్రమునకు రెండవమాఱు నోబెల్ బహుమానము లభించెను. పారిసులో రేడియము పరిశోధనాలయమును కట్టుటకు ఏర్పాటులు జరిగెను. 1914 లో ఆ భవనము పూర్తియయ్యెను. లోపల పని యారంభింపకమునుపే ఆగష్టు మాసమున మహాయుద్ధము ముంచుకొని వచ్చెను.

ప్రయోగశాలలోని యువకులందఱును సైన్యమునకు పోయిరి. శత్రుసేనలు పారిసును సమీపించుచుండగా ప్రభుత్వము బోర్డో నగరమునకు తరలెను. ఫ్రాన్సుదేశమున పరిశోధనకుండిన రేడియమంతయు ఒక గ్రాము. దానిని బరువైన సీసపుపెట్టెలో నుంచి, ఆమెయే రైలులో బోర్డోకు గొనిపోయి భద్రపఱచి, నిలువక పారిసునకు తిరిగివచ్చెను. ఎల్లరు పారిసును విడిచి పాఱిపోవుచుండగా పారిసుదిక్కునకు ప్రయాణము చేసిన కొలదిమందిలో ఆమె యొకతె. రేడియము భద్రమయ్యెను, ఇక తాను చేయదగిన పని యేమియని ఆమె యాలోచించెను.

ఆ యుద్ధమున ఫిరంగిగుండ్లు పగిలి వాని తునకలు సైనికుల దేహములలో నాటుకొనుచుండెను. పైకి చిన్నగాయము కనబడును. లోపల తునక యెచట నిలిచినదో తెలియదు. శస్త్రవైద్యుడు కత్తితో మాంసమును చీల్చి వెదకవలెను. వెదకినకొలది రక్తము పోవును. మురికి లోనికి చేరి గాయము కుళ్లును. తుదకు కాలో చేయో తీసివేయవలసివచ్చును. ఎక్సుకిరణములు ఆ తునకను కొలదినిమిషములలో చూపగలవు. కాని నాటికి ఆ యంత్రములు పెద్దపట్టణములలోని కొన్ని యాసుపత్రులయందే యుండెను. గాయపడిన సైనికుని యంత్రమున్న చోటికి వందలమైళ్లు తెచ్చుటకు వ్యవధి లేదు. తెచ్చులోపల ప్రాణము పోవును. కావున సైనికుడు యంత్రమునొద్దకు పోలేనిచో యంత్రమే సైనికునొద్దకు పోవలెనని ఆమె నిశ్చయించెను.

ఇట్లు నిశ్చయించిన యామెకు ఆ పనిలో అనుభవము లేదు. ఎక్సుకిరణముల శాస్త్రమును తరగతులలో బోధించియుండెను గాని, గాయపడిన మనుష్యుని బల్లపై పరుండబెట్టి పరీక్షించి యెఱుగదు. మఱియొకరైనచో రెండు నోబెల్ బహుమానముల గౌరవమును ముందుపెట్టుకొని ఆజ్ఞలిచ్చి యూరకుందురు. ఆమె యట్లు చేయలేదు. శరీరములోని యెముకలు, అవయవములు ఎచటెచట నుండునో తెలిసికొనుటకు దేహనిర్మాణశాస్త్రమును చదివెను. యంత్రమును నడపువిధమును అనుభవజ్ఞులయొద్ద నేర్చుకొనెను. ఫొటోగ్రాఫుపలకలను చీకటిగదిలో కడిగి పటము రప్పించుటను అభ్యసించెను. మోటారుబండి నడపుటను, చెడినప్పుడు బాగుచేయుటను సైతము నేర్చి 1916 లో బండి నడపుటకు అనుజ్ఞాపత్రమును సంపాదించెను. చక్రము మార్చుటకు గాని, మురికిపట్టిన యంత్రభాగములను కడుగుటకు గాని ఆమె వెనుదీయలేదు.

ఫ్రెంచి రెడ్‌క్రాసు సంఘము తన ఎక్సురే శాఖకు ఆమెను అధ్యక్షురాలినిగా నియమించెను. ఫ్రెంచిస్త్రీల సంఘమొకటి ధనసహాయము చేసెను. ధనికుల యిండ్లకు పోయి వారి మోటారుబండ్లను అడిగి పుచ్చుకొనెను. తయారుచేయు కార్ఖానాలనుండి యంత్రములను యాచించి తెచ్చెను. ఇట్లు కూర్చిన బండిలో డైనమో యొకటి, ఎక్సుకిరణములను పుట్టించు గాజుగొట్టము, మడిచిపెట్టదగిన బల్ల, కిరణములు సోకిన వెలుగు తెర, ఫొటోగ్రాఫుపలకలు, నల్లని పరదాలు, పొడవైన విద్యుత్తీగలు నుండెను. బండి నడచు యంత్రమే డైనమోను త్రిప్పును. దానివలన 110 వోల్టుల విద్యుత్తు పుట్టును. కావున విద్యుద్దీపము లేని పల్లెటూరి యాసుపత్రిలోనైనను ఎక్సురే తీయుటకు వీలుకలిగెను. ఈ బండ్లకు సైనికులు చిన్నక్యూరీలని ముద్దుపేరు పెట్టిరి. 1914 నవంబరు 1 వ తేదిని మొదటి బండి పారిసు విడిచి క్రేయిలు పట్టణమునందలి సైనిక చికిత్సాలయమునకు బయలుదేఱెను. అందు మేడమ్ క్యూరీయు, ఆమె పెద్దకుమార్తె 17 ఏండ్ల ఐరీనును ఉండిరి.

ఆసుపత్రి చేరినతోడనే బండిని వాకిట నిలుపుదురు. పెట్టెలను లోనికి మోయుదురు. డైనమోనుండి తీగను కిటికీగుండ గదిలోనికి లాగుదురు. కిటికీలకు నల్లపరదాలు గట్టి గదిని చీకటి చేయుదురు. అరగంటలో సర్వము సిద్ధమగును. గాయపడినవారిని మంచములపై నొకరివెంట నొకరిని తెత్తురు. వైద్యుడును ఆమెయు చీకటిలో నిలిచి వెలుగు తెరపై నీడలను చూతురు. ఎముక లేతనీడగాను, లోహపుతునక చిక్కనినీడగాను కనబడును. కొన్నిటిని పలకపై పటముగా తీయుదురు. కొన్నిటిని చూచినంతనే పుస్తకమున గుఱించుకొందురు. కొన్ని సమయములలో వైద్యుడు తెరను చూచుచునే తునకను బయటికి తీయును. తెచ్చినవారందఱు ముగియువఱకు గంటలకొలది, ఒక్కొకప్పుడు దినములకొలది పని సాగును. మొదట సందేహించిన వృద్ధవైద్యులు సైతము తాము వృథాగా వెదకిన గుండును తెరపై చూచిన పిమ్మట మాఱుపలుకలేదు.

ఇచట మన విద్యార్థులు గమనింపదగిన విషయ మొకటి కలదు. తెరపై కనబడునది నీడ మాత్రమే. గుండు కుడివైపుననో యెడమవైపుననో నీడ చెప్పును; చర్మమునకు ఎన్ని అంగుళముల లోతున నున్నదో చెప్పదు. లోతు తెలియనిచో కత్తికి దారి తెలియదు. దీనికి వారు వాడిన యుపాయము మన రేఖాగణితములోనిదే. కిరణములు వెలువడు గొట్టమును కొలిచిన దూరమంత ప్రక్కకు జరుపుదురు. అప్పుడు గుండు కదలకున్నను దాని నీడ తెరపై రెండవవైపునకు జరుగును. తెరకు దగ్గఱగానున్న గుండునీడ కొంచెముగాను, దూరముగానున్న గుండునీడ యెక్కువగాను జరుగును. గొట్టమునకును తెరకును గల దూరము తెలియును. గొట్టము జరిగిన దూరము తెలియును. నీడ జరిగిన దూరమును కొలుతురు. సరూప త్రిభుజముల సిద్ధాంతముచేత గుండుయొక్క లోతు తేలును. ఈ త్రిభుజముల లెక్క మనకు పరీక్షలో నాలుగు మార్కులు. ఆ సైనికునకు కాలో, చేయో, ప్రాణమో.

కుమార్తె ఐరీను తల్లికి కుడిభుజమయ్యెను. ఆమె నర్సుల పరీక్షలో ఉత్తీర్ణురాలై, తల్లియొద్ద ఎక్సురేపని నేర్చి, త్వరలోనే ఒంటరిగా పోయి పనిచేయసాగెను. 18 ఏండ్ల వయసున బెల్జియమునందలి హూగ్‌స్టాడ్ సైనిక చికిత్సాలయమున, యుద్ధరంగమునకు కొలదిదూరములో, యంత్రమును తానే నడపుచు ఇతరులకును నేర్పెను. ఆ యుద్ధకాలముననే సార్బోనులో గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము అను మూడు పరీక్షలలోను ఘనముగా కృతార్థురాలయ్యెను.

బండ్లు పెరుగుచుండెను, ఆసుపత్రులలో స్థిరముగా నెలకొల్పిన ఎక్సురే గదులును పెరుగుచుండెను. కాని వానిని నడపువారు లేరు. నేర్పరియైన చేయి లేనిచో ఎంత మంచి యంత్రమైనను ఇనుపపెట్టెయే. నాటి ఎక్సురే గొట్టములు మిక్కిలి చపలములు. లోపల మిగిలిన వాయువు ఎక్కువ తక్కువలైనచో కిరణముల బలము మాఱిపోవును. తెలియనివాడు ముట్టిన పగిలిపోవును. తీగలలోని యధిక విద్యుత్తు ప్రాణాపాయము తెచ్చును. మగవారు యుద్ధమున నుండిరి. కావున స్త్రీలకే ఈ పని నేర్పవలెనని మేడమ్ క్యూరీ ప్రభుత్వమునకు విన్నవించెను. 1916 లో ఎడిత్ కావెల్ పేర పారిసులో వెలసిన నర్సుల ఆసుపత్రికి అనుబంధముగా ఎక్సురే పాఠశాల ప్రారంభమయ్యెను. ఎడిత్ కావెల్ అనగా బ్రస్సెల్సు నగరమున సైనికులను శత్రువుల బారినుండి తప్పించినందుకు 1915 అక్టోబరు 12 వ తేదిని కాల్చిచంపబడిన ఆంగ్లేయ నర్సు.

మొదటి తరగతిలో 20 మంది స్త్రీలు చేరిరి. మేడమ్ క్యూరీయు, ఐరీనును, మార్త క్లైన్ అను మఱియొక విదుషియు బోధించిరి. విద్యార్థినులలో అన్ని తరగతులవారు నుండిరి. కొందఱకు ప్రాథమికవిద్యకు మించిన చదువు లేదు. విద్యుత్తనగా నేమో, గణితమనగా నేమో ఎఱుగనివారు కొలదివారములలో ప్రాణములతో కూడిన పనిని నేర్వవలెను. ఇట్టివారికి ఈ విద్య పట్టుబడునాయని కొందఱు సంశయించిరి. మేడమ్ క్యూరీ సంశయింపలేదు. నేర్వనిచ్ఛ గల్గినచో చదువు తక్కువైనను నేర్పవచ్చునని ఆమె నమ్మిక. పల్లెలో రైతుబిడ్డలకు అక్షరములు దిద్దించిన నాటినుండి ఆమెకు ఆ నమ్మిక చెదరలేదు.

ఆ పాఠశాలలో విద్యుచ్ఛక్తియొక్కయు ఎక్సుకిరణములయొక్కయు మూలసూత్రములను సులభమైన మాటలలో చెప్పుచుండిరి. దేహనిర్మాణమును నేర్పుచుండిరి, ఏ యెముక యెచటనున్నదో తెలియనివారికి నీడను చదువుట సాధ్యముకాదు గదా. ఫొటోగ్రాఫుపలకలను కడుగుటను నేర్పుచుండిరి. అన్నిటికంటె మిన్నగా, ప్రతి విద్యార్థినియు తన చేతులతో యంత్రమును అమర్చి, విప్పి, మరల అమర్చవలెను. దోషము కలిగినచో ఎచట కలిగినదో తానే వెదకి సవరింపవలెను. ఏలయన రేపు ఆమె పోవుచోట సలహా చెప్పువా రెవ్వరు నుండరు. అవి పుస్తకమును వల్లించు తరగతులు కావు, పనిచేయించు తరగతులు. మొదటివారు ముగించి యుద్ధరంగమున కేగగనే తరువాతివారు చేరిరి. 1918 నాటికి మొత్తము సుమారు 150 మంది స్త్రీలు శిక్షణపొంది ఫ్రాన్సుదేశమున పలుచోట్ల పనిచేసిరి. మొదట నమ్మని సైనికవైద్యులే వారిని తమ ఆసుపత్రులకు పంపుడని కోరసాగిరి.

మేడమ్ క్యూరీ కృషివలన 20 బండ్లును, సుమారు 200 స్థిరమైన ఎక్సురే గదులును ఏర్పడెను. వీనియందు పరీక్షింపబడిన సైనికులు పదిలక్షలకు మించిరని లెక్క. ఆమెకు ప్రయాణములలో సుఖము లేదు. పాతకోటు తొడుగుకొని, చేతికి రెడ్‌క్రాసు పట్టీ కట్టుకొని, దొరికినచోట పరుండి, దొరికినది తినెడిది. ఒకనాడు బండి గోతిలో బోర్లపడి, పెట్టెలు మీదబడి ఆమెకు గాయములు తగిలెను. ఆమెకు మాత్రము లోపలి యంత్రములు పగిలెనేమోయను చింతయే మిక్కిలిగ నుండెను. యుద్ధము ముగిసిన పిమ్మటను బోధన మానలేదు. 1919 లో స్వదేశమునకు మరలుటకై వేచియున్న అమెరికా సైనికులు సుమారు 20 మందికి తన పరిశోధనాలయమున పాఠములు చెప్పెను. 1921 లో ఎక్సురేశాస్త్రమును యుద్ధమును గూర్చి ఫ్రెంచిభాషలో గ్రంథమును వెలువరించెను. తన సాహసములను గూర్చి అం దామె గొప్పగా చెప్పుకొనలేదు. యంత్రము లెట్లు అమర్పవలెనో, పనివారి కెట్లు శిక్షణ నీయవలెనో వివరించెను.

1921 లో ఆమె అమెరికాకు పోగా ఆ దేశపు స్త్రీలు చందాలు వేసి కొనిన ఒక గ్రాము రేడియమును అధ్యక్షుడు హార్డింగు ఆమె కొసగెను. 1932 లో తన జన్మస్థానమగు వార్సాలో రేడియము చికిత్సాలయము తెఱవబడుటను కన్నులార చూచెను. 1934 జూలై 4 వ తేదిని, ఫ్రాన్సునందలి కొండప్రాంతపు ఆరోగ్యశాలలో, ఎముకల మూలుగ క్షీణించి రక్తము పుట్టని వ్యాధిచే స్వర్గస్థురాలయ్యెను. ఆ సంవత్సరారంభముననే ఐరీనును, ఆమె భర్త ఫ్రెడెరిక్ జోలియోయు కృత్రిమ రేడియోధార్మికతను కనుగొనియుండిరి. 1935 లో వారికి నోబెల్ బహుమానము లభించెను. తల్లి దానిని చూడలేదు.

ఇక చెప్పవలసిన మాట యొకటి మిగిలినది. అది సంతోషకరమైనది కాదు. ఎక్సుకిరణములు దేహమునకు కీడుచేయునని నాటివా రెఱుగకపోలేదు. ఎడిసన్ పండితునియొద్ద ఎక్సురే గొట్టములతో పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు పుండ్లుపడి 1904 లో మృతినొందెను. అయినను ఎంతమాత్రము సోకిన అపాయమో, ఎన్నియేండ్లకు ఫలము కనబడునో స్పష్టముగ తెలియదు. వాడుకలోని రక్షణలును స్వల్పములు. గాయపడినవారు బారులుతీరి యుండగా తమ్ము తాము కాపాడుకొనుటకు తీరిక యేది? 1936 లో జర్మనీయందలి హాంబర్గు నగరమున ఈ కిరణములకు బలియైన వైద్యుల, పనివారల జ్ఞాపకార్థము స్తంభమొకటి నిలిపిరి. 1995 లో ఫ్రాన్సు ప్రభుత్వము మేడమ్ క్యూరీ యస్థికలను మహాపురుషుల సమాధిమందిరమగు పాంథియనునకు తరలించెను. తన సొంతప్రతిభచేత ఆ గౌరవమునకు పాత్రురాలైన మొదటి స్త్రీ ఆమెయే. అప్పుడు పరీక్షించిన నిపుణులకు ఆమె యవశేషములలో రేడియము స్వల్పముగనే కానవచ్చెను. కావున ఆమె మరణమునకు కారణము రేడియముకంటె, యుద్ధకాలమున సోకిన ఎక్సుకిరణములే యగుట సంభవమని వా రభిప్రాయపడిరి. ఐరీను సైతము 1956 లో రక్తసంబంధమైన క్యాన్సరుచే మరణించెను. పదిలక్షలమంది సైనికులకు వెలుగు చూపిన కిరణములే చూపినవారిని దహించివైచెను.

నాటికిని నేటికిని ఇందే భేదమున్నది. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో రేడియోగ్రఫీ విద్యకు డిప్లొమా తరగతులును, డిగ్రీ తరగతులును కలవు. ఆ విద్యార్థులు నేర్చునది స్థూలముగా ఎడిత్ కావెల్ ఆసుపత్రిలో ఆ 20 మంది నేర్చినదే: భౌతికశాస్త్రము, దేహనిర్మాణము, పటము తీయువిధము, యంత్రముతో చేతిపని. వానికితోడు నాడు చాలనిది, నేడు విడువరానిది యొకటి చేరినది: కిరణములనుండి రోగిని, తన్ను కాపాడుకొనుట. కిరణములు వెలువడుకాలము తక్కువగా నుండవలెను. నిలుచుదూరము ఎక్కువగా నుండవలెను. నడుమ సీసపు అడ్డు ఉండవలెను. సోకిన కిరణముల పరిమాణమును కొలుచు పట్టీని రొమ్మున ధరింపవలెను. గర్భిణియైన రోగి వచ్చినచో ముందుగా అడిగి తెలిసికొనవలెను. ఇవి విసుగుపుట్టించు నిబంధనలుగా తోచవచ్చును. కాని వీనిలో నొక్కొక్కటి యెవరియో వ్రేలికి, ఎవరియో రక్తమునకు వెలగట్టి కొనబడినదని జ్ఞాపకముంచుకొనుడు.

చదువు ముగిసినదని యనుకొనువారికి మేడమ్ క్యూరీ జీవితము మంచి యుత్తరము. లోకమంతయు గురువని కొనియాడు వయసున ఆమె బండిచక్రము విప్పుట నేర్చుకొనెను. తాను నేర్చిన విద్యను తనయొద్ద నుంచుకొనక, తక్కువ చదివినవారికి చేతపట్టి నేర్పెను. మీలో నెవరేని రేపు ఏ యాసుపత్రిలోనో చీకటిగదిలో యంత్రమునొద్ద నిలిచినప్పుడు, బల్లపై పరుండినవాని బాధను మఱువకుడు. సీసపు అడ్డును మఱువకుడు. మీ వెనుక వచ్చువారికి నేర్పుటను మఱువకుడు.